థంబ్‌నెయిల్ పెట్టే ముందు

చిరంజీవి సుధీర్‌కి, మామయ్య ఆశీస్సులు.

మారతహళ్లి నుంచి తెలుగులో వార్తల ఛానెల్ పెడుతున్నావని, మొదటి కథనమే ఒక బిల్డర్ మీద అని అమ్మ చెప్పింది. సంతోషం వేసింది. నిద్ర మాత్రం పట్టలేదు.

కెమెరా, మైకు గొడవ నీకే బాగా తెలుసు. ఫిర్యాదుల అధికారి పేరు, ఈమెయిలు ఛానెల్‌లో పెట్టు. 2021 ఐటీ నిబంధనల్లో కొంత భాగానికి బాంబే హైకోర్టు స్టే ఇచ్చిందిగా అంటావేమో, అయినా పెట్టు.

సెన్సార్ అంటే మీకు ఢిల్లీయే గుర్తొస్తుంది. 1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' వారపత్రికను రాష్ట్రంలోకి రానివ్వకపోతే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. మరుసటి ఏడాదే రాజ్యాంగాన్ని సవరించి, వాక్స్వేచ్ఛకు హద్దులు పెట్టే 19(2)లో 'పబ్లిక్ ఆర్డర్' (శాంతిభద్రతలు) చేర్చారు. ఆ పోరాటం పెద్దవాళ్లది. నీలాంటి చిన్న ఛానెల్ నోరు నొక్కేది సివిల్ కోర్టు ఇంజంక్షన్, అంటే ప్రచురణ ఆపమనే ఉత్తర్వు, అదీ నీ మాట వినకుండానే. విచారణకు ముందే ప్రచురణను ఆపే ఉత్తర్వులు అలవోకగా ఇవ్వకూడదని 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట జడ్జిగారికి గుర్తుచేయడానికి నీ లాయరు అక్కడ ఉండొద్దూ? అందుకే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 148ఎ కింద కేవియట్ వేయించు, అంటే నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టుకునే అర్జీ. నకలు బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి. అంటే అతనికి తెలిసిపోతుంది. కాబట్టి ప్రశ్నలు పంపాకే వెయ్యి, ముందు కాదు. 90 రోజులే చెల్లుతుంది, తేదీ రాసిపెట్టుకో.

ఇక పాత తప్పు. పత్రికల్లో హెడ్డింగు చేసేది, ఇప్పుడు థంబ్‌నెయిల్ చేస్తోంది. వీడియోలో నువ్వు ఒళ్లు దగ్గర పెట్టుకుని, "ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కాపురానికి అనుమతి పత్రం) రాకుండానే ఫ్లాట్లు అప్పగించారని కొనుగోలుదారుల ఆరోపణ" అంటావు. థంబ్‌నెయిల్‌లో బిల్డర్ మొహం చుట్టూ ఎర్ర గీత, పక్కన "దోపిడీ బట్టబయలు?" అని ఉంటుంది. లాయర్ నోటీసుకు అంటించేది ఆ బొమ్మనే. ప్రశ్నార్థకం కాపాడదు, వెటకారమూ కాపాడదు. న్యాయ సంహిత 356 వివరణలో వ్యంగ్యంగా అన్నా పరువునష్టమే అని ఉంది. రెండేళ్ల దాకా జైలు. క్రిమినల్ కేసులో నిజమైతే సరిపోదు, దాన్ని చెప్పడం ప్రజాహితం కోసమని కూడా చూపాలి.

థంబ్‌నెయిల్‌లో ఉన్న ప్రతి మాటకూ ఫైల్లో ఒక కాగితం ఉండాలి. "ఓసీ ఇవ్వలేదు: ఆర్టీఐ జవాబు" అని పెట్టు, చప్పగా ఉన్నా పరవాలేదు. ఆర్టీఐకి 30 రోజులు పడుతుంది, ఇప్పుడే వెయ్యి. బిల్డర్‌కు ప్రశ్నలు ఈమెయిల్లో, రెండు పనిదినాల గడువుతో పంపు. అతని జవాబు వీడియోలోనే చదువు, కింద డిస్క్రిప్షన్‌లో పడేయకు. షార్ట్ కత్తిరించేటప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ జవాబే, జాగ్రత్త. థంబ్‌నెయిల్ మార్చితే పాతది తేదీ వేసి దాచు.

ఫ్లాటు వాళ్ల క్లిప్పులు వాట్సాప్‌లో మామూలు వీడియోగా తీసుకోకు. నలిగి వస్తుంది, హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ రాయాలి. డాక్యుమెంట్‌గా పంపమను, తీసిన ఫోను చెరపొద్దని చెప్పు.

ఛానెల్ అడ్రసు ఇంటిది ఇవ్వకు, లాయర్ ఆఫీసుది ఇవ్వు. నోటీసు ఇంటికొస్తే మీ అమ్మ సంతకం పెట్టి తీసుకుని, నువ్వు కంగారు పడతావని బీరువాలో దాస్తుంది. గడువు దాటాక నీకు తెలుస్తుంది.

వీడియో సంగతి తర్వాత, ముందు థంబ్‌నెయిల్ మాటలు నాకు పంపు. తిడితే పడు.

మామయ్య