సూది మందు రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. రుమటాలజీలో (కీళ్ళవాతాల వైద్యంలో) చేరాక సైటోకైన్ల (రోగనిరోధక కణాలు ఒకదానికొకటి సందేశాలు పంపే ప్రొటీన్ల) పట్టిక కంఠతా పట్టలేకపోతున్నానని రాశావు. పట్టవద్దు. ఒక్కొక్క సైటోకైను పేరు పక్కన మూడు సంగతులు రాసుకో: దానిని అడ్డుకుంటే ఏ జబ్బు తగ్గింది, ఏ జబ్బు తగ్గలేదు, ఒంట్లో అది చేసే మంచి పని ఏమిటి. నేను మూడవదానిని ఆలస్యంగా నేర్చుకున్నాను.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, అంటే శరీర రక్షణ వ్యవస్థే కీళ్ళపై దాడిచేసే కీళ్ళవాతంలో, వాచిన కీలు పొరను పరీక్షిస్తే ఎన్నో సైటోకైన్లు కనిపిస్తాయి. వాటిలో పెత్తనం ఎవరిదో కేవలం చూసి చెప్పలేము. లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీల బృందం ఆ పొర కణాలను ప్రయోగశాలలో పెంచి, టీఎన్‌ఎఫ్ అనే సైటోకైనును అడ్డుకుంటే ఇంటర్‌ల్యూకిన్-1 అనే మరో సైటోకైను ఉత్పత్తి కూడా తగ్గుతుందని 1989లో చూపింది. ఆ ఆధారంతోనే 1992లో అక్కడి ఛారింగ్ క్రాస్ ఆసుపత్రిలో కొందరు రోగులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు ఇచ్చి చూశారు. అక్కడ వచ్చిన మంచి ఫలితం చూసి అన్ని వాతాలకూ ఇదే తాళంచెవి అనుకుంటే పొరపాటు. రుమటాయిడ్‌లో బాగా పనిచేసే ఇంటర్‌ల్యూకిన్-6 నిరోధకాలు వెన్నెముకను బిగుసుకుపోయేలా చేసే వాతమైన యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో విఫలమయ్యాయి. అక్కడ టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 నిరోధకాలు పనికివస్తాయి. అయితే ఇంటర్‌ల్యూకిన్-17 పేగును కాపాడే పని కూడా చేస్తుంది కనుక, ఆ మందు రాసే ముందు విరేచనాల గురించి, మలంలో రక్తం గురించి తప్పక అడుగు. శరీర రక్షణ వ్యవస్థే పలు అవయవాలపై దాడిచేసే జబ్బైన లూపస్‌లో కథ ప్రధానంగా టైప్-1 ఇంటర్‌ఫెరాన్లనే సైటోకైన్లది. టీఎన్‌ఎఫ్ నిరోధకాలైతే కొందరిలో లూపస్ వంటి లక్షణాలనే తెచ్చిపెడతాయి.

ఇక క్షయ సంగతి. మన దేశంలో ఎందరిలోనో క్షయ సూక్ష్మజీవులు కణాలు కట్టిన గోడల మధ్య నిద్రాణంగా ఉంటాయి. ఆ గోడ కూలకుండా నిలబెట్టేది టీఎన్‌ఎఫ్. మనం కీళ్ళ కోసం దానిని అడ్డుకుంటే గోడ సడలుతుంది. తొలి రోజుల్లో నేను ఒకామెకు ఎక్స్‌రే బాగుంది, మాంటూ అనే క్షయ చర్మ పరీక్షలో ఏమీ రాలేదు అని ధైర్యంగా టీఎన్‌ఎఫ్ నిరోధక ఇంజెక్షన్ మొదలుపెట్టాను. కీళ్ళు చక్కబడ్డాయి, మూడో నెలలో జ్వరంతో, మెడలో గడ్డతో వచ్చింది; అది క్షయ. ఆమె అప్పటికే స్టెరాయిడ్లు వాడుతోందని, వాటివల్ల మాంటూ స్పందన అణగిపోయి ఉండవచ్చని నేను ఆలోచించలేదు. ఆమె కోలుకుంది కానీ ఆ తప్పు నాదే. అందుకే ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా అనే క్షయ రక్తపరీక్ష చేయించడంతో ఆగకుండా, ఇంట్లో ఎవరైనా క్షయ మందులు వాడారా అని నోరు తెరిచి అడుగు. చాలామంది ఆ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. హెపటైటిస్-బి పరీక్షనూ మరువకు. మొదలుపెట్టాక కూడా క్షయ ఊపిరితిత్తులలోనే కనిపించాలని లేదు, గ్రంథులలో, పొట్టలో, వెన్నులో ఎక్కడైనా రావచ్చు.

ఇంటర్‌ల్యూకిన్-6 మరో రకంగా మోసం చేస్తుంది. ఒంట్లో వాపును సూచించే ప్రొటీనైన సీఆర్పీని కాలేయం తయారుచేసేది ప్రధానంగా దాని ఆజ్ఞతోనే. దానిని అడ్డుకునే టోసిలిజుమాబ్ మందు వాడుతున్న రోగికి న్యుమోనియా వచ్చినా సీఆర్పీ పెరగకపోవచ్చు, జ్వరమూ అంతగా కనిపించకపోవచ్చు. అప్పుడు రిపోర్టును కాక రోగి ముఖాన్ని, ఊపిరి వేగాన్ని చూడు. ఇదే సైటోకైను హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి ఇనుమును నిల్వలలో బంధిస్తుంది. ఏళ్ళ తరబడి రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగుతున్న కీళ్ళవాతం రోగులలో కొందరికి మాత్రలకంటే ముందు జబ్బును అదుపు చేయడమే మందు.

రోగులు ఎక్కడో చేయించిన సైటోకైన్ల రక్తపరీక్షల కాగితాలు నీ ముందు పరుస్తారు. గౌరవంగా చదువు, కానీ ఆ అంకెను చూసి మందు ఎంచుకోకు; కీలు లోపలి తగవు రక్తంలో సరిగా ప్రతిబింబించదు. కీళ్ళను ఒక్కొక్కటిగా వేళ్ళతో నొక్కి లెక్కపెట్టు.

ఖర్చు విషయం కూడా మొదటి రోజే మాట్లాడు. ఈ ఇంజెక్షన్లు రెండు డోసులు వేయించుకుని డబ్బు లేక ఆపేసేవారికి, ముందే కీళ్ళవాతానికి మొదట వాడే మందైన మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారి, సరిపడా మోతాదులో, ఫోలిక్ యాసిడ్‌తో సక్రమంగా వాడించి ఉంటే ఆ ఇంజెక్షన్ అవసరమే పడకపోవచ్చు.

మీ పెదనాన్న