మూడు వాపులు, మూడు కారణాలు: కొండ మీద మేకలు, ఆవుల పెంపకం

ప్రశ్న: మా పొలం సముద్ర మట్టానికి 2,100 మీటర్ల ఎత్తులో, కొండవాలులో ఉంది. రెండేళ్ల కిందట మైదాన ప్రాంతం నుంచి 30 మేకలు, 3 సంకర జాతి ఆవులు తెచ్చుకున్నాం. ఈ ఈతలో పుట్టిన 14 మేకపిల్లల్లో ఐదింటికి పుట్టుకతోనే గొంతు దగ్గర గడ్డ ఉంది, ఒంటి మీద వెంట్రుకలు పలచగా ఉన్నాయి. వాటిలో నాలుగు చనిపోయాయి. వానలు వెనకబట్టాక నాలుగు పెద్ద మేకలకు దవడ కింద వాపు వచ్చింది. ఇప్పుడు ఒక ఆవుకు రొమ్ము, గంగడోలు ఉబ్బి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది. అన్నిటికీ వాపే కాబట్టి ఒకటే రోగం అనుకుని అన్నిటికీ మూడుసార్లు నట్టల మందు తాగించాం. గుణం కనిపించలేదు. పాక వాగు పక్కన ఉంది. మేతకు రోజూ దాదాపు 250 మీటర్ల ఎత్తు ఎక్కిస్తాం. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినవి మూడు వేర్వేరు వాపులు. ఒకే మందుతో మూడూ తగ్గవు. మందు మూడుసార్లు తాగించినా గుణం లేకపోవడానికి ముఖ్య కారణం అదే. ముందు ఆవు సంగతి చెబుతాను. ఆలస్యమైతే దక్కనిది అదే.

2,100 మీటర్ల ఎత్తులో ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో కంటే దాదాపు ఐదో వంతు తక్కువ. ఆక్సిజన్ తగ్గితే ఆవు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి. అది ఆవుజాతి స్వభావం. గొర్రెలు, మేకల్లో ఈ బిగువు చాలా తక్కువ. జడలబర్రెకైతే దాదాపు లేనట్టే, అందుకే అది 4,000 మీటర్ల పైన కూడా హాయిగా బతుకుతుంది. నాళాలు బిగుసుకుంటే వాటిలోకి రక్తాన్ని నెట్టడానికి గుండె కుడిభాగం నెలల తరబడి అదనంగా శ్రమించి చివరికి అలసిపోతుంది. అప్పుడు నీరు రొమ్ములోకి, గంగడోలులోకి, పొట్ట కిందికి దిగుతుంది. దీన్ని ఎత్తు ప్రాంతపు రొమ్ము వాపు జబ్బు అంటాం. అమెరికాలోని కొలరాడో పర్వతాల పశువుల్లో శాస్త్రవేత్తలు దీన్ని 1915లోనే వివరంగా నమోదు చేశారు. కొత్తగా ఎత్తుకు తెచ్చిన పశువుల్లో ఎక్కువగా వస్తుంది. చలి, నిమ్ము, చూడి భారం తోడైతే రెండేళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు.

అయితే ఒక జాగ్రత్త. మేతతో పాటు ఇనుప మేకునో తీగముక్కనో మింగిన ఆవుకు కూడా అది గుండె దాకా గుచ్చుకుంటే ఇలాగే రొమ్ము వాస్తుంది. తేడా మీ కొండదారే చెబుతుంది. తీగ గుచ్చుకున్న ఆవు దిగుడు దారిలో మూలుగుతూ అడుగు వేయదు, ఎక్కుడు దారిలో కాస్త నయంగా ఉంటుంది. వీపు వంచి, ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. ఎత్తు జబ్బు ఉన్న ఆవుకు ఎక్కడమే గండం. రెండింట్లోనూ మెడనరం ఉబ్బి కనబడుతుంది కాబట్టి నరం ఒక్కటే చూసి తేల్చకండి, పశువైద్యుడికి చూపించండి. ఎత్తు జబ్బే అయితే అసలు వైద్యం కిందికి దించడం. నడిపించవద్దు, తరమవద్దు. వాహనంలో, చల్లటి వేళ, తొందర పెట్టకుండా దించండి. ఒంట్లో నీరు తీసే మందులు వైద్యుడు ఇస్తారు. తేరుకున్నా మళ్లీ పైకి తేవద్దు. ఈ బలహీనత వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి దాని దూడలను కొండ మీద సంతతి కోసం ఉంచుకోకండి. మంచి పాల ఆవును వదులుకోవడం ఎంత బాధో నాకు తెలుసు. అయినా ఇది చెప్పక తప్పదు.

ఇక మేకపిల్లలు. పుట్టుకతోనే గొంతు కింద, శ్వాసనాళానికి రెండువైపులా గట్టిగా తగిలే గడ్డ, పలచని వెంట్రుకలు, నీరసం, ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించాల్సింది అయోడిన్ లోపం. ఆ గడ్డ ఉబ్బిన థైరాయిడ్ గ్రంథి. కొండ నేలల్లో వాన ఏళ్ల తరబడి అయోడిన్‌ను కడిగేస్తుంది. నేలలో లేనిది గడ్డిలోకి రాదు, గడ్డిలో లేనిది తల్లికి అందదు. తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, లోపమంతా కడుపులోని పిల్ల మీద పడుతుంది. మైదానం నుంచి తెచ్చిన మేకల ఒంట్లో ఉన్న కాస్త నిల్వతో మొదటి ఈత గడిచిపోయి ఉండవచ్చు. క్యాబేజీ, ఆవజాతి ఆకులు ఎక్కువగా మేపితే లోపం ఇంకా ముదురుతుంది.

బతికిన పిల్లకు, ఇప్పుడు చూడితో ఉన్న మేకలకు అయోడిన్ మోతాదు వైద్యుడే నిర్ణయించాలి, ఎక్కువైనా విషమే. మీ చేతిలో ఉన్నది ఉప్పు. మందకు ఏడాది పొడవునా అయోడిన్ కలిపిన ఉప్పు అందాలి. మేక చూడికాలం సుమారు 150 రోజులు, అందులో చివరి రెండు నెలలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఉప్పు రాయిని ఎండావానల్లో వదిలేస్తే అందులోని అయోడిన్ పోతుంది, పైన చిన్న కప్పు వేయండి. మందలో గొర్రెలు కూడా ఉంటే ఆవుల ఖనిజ మిశ్రమం వాటికి పెట్టవద్దు, అందులోని రాగి గొర్రెలకు పడదు.

చనిపోయిన నాలుగు పిల్లల్లో కొన్నిటిని చలి కూడా తీసుకుపోయి ఉంటుంది. తడి ఒంటితో గాలిలో ఉన్న పిల్ల తన ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటూ వేడిని నిలుపుకుంటుంది. ఆ నిల్వ సుమారు ఐదు గంటల్లో అయిపోతుంది. అందుకే పుట్టగానే గుడ్డతో తుడిచి ఆరబెట్టి, బొడ్డుకు అయోడిన్ ద్రావణం పూసి, మొదటి ఆరు గంటల్లో కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున జున్నుపాలు తాగించాలి. రోజు మొత్తానికి కిలోకు 200 మిల్లీలీటర్లు అందాలి.

ఇక్కడ చాలామంది తెలియక ఒక పొరపాటు చేస్తారు. పుట్టి ఐదు గంటలు దాటి, ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గి, తల ఎత్తలేకుండా పడి ఉన్న పిల్లను ముందు మంట దగ్గర పెడతారు. వేడి తగలగానే శరీరం ఒక్కసారిగా చక్కెర అడుగుతుంది, లోపల చక్కెర ఉండదు. మూర్ఛ వచ్చి చనిపోతుంది. అలాంటి పిల్లకు ముందు పొట్టలోకి గ్లూకోజ్ ఇంజెక్షన్ పడాలి, ఆ తర్వాతే వేడి. ఆ ఇంజెక్షన్ ఎలా వేయాలో ఈతల సీజన్‌కు ముందే వైద్యుడి దగ్గర నేర్చుకోండి. తల ఎత్తలేని పిల్లకు నోట్లో పాలు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక థర్మామీటర్ పాకలో ఎప్పుడూ ఉండాలి.

మూడో వాపు పెద్ద మేకల దవడ కిందిది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. రోజంతా తల వంచి మేసి సాయంత్రం వచ్చేసరికి పెరుగుతుంది, పొద్దుటికి కొంచెం తగ్గుతుంది. ఇది రక్తం పోయి, దానితో పాటు రక్తంలోని ప్రోటీన్ తగ్గడం వల్ల దిగిన నీరు. రక్తం తాగేది జఠరంలోని నట్టలు కావచ్చు, కార్జపు జలగలు కావచ్చు. కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే మంచిది, తెల్లగా పాలిపోతే ప్రమాదం. మీ పాక వాగు ఒడ్డున ఉందన్నారు కాబట్టి నా అనుమానం జలగల మీద ఎక్కువ. బురదలో ఉండే చిన్న నత్తల్లో వాటి పిల్లలు పెరిగి, ఒడ్డున గడ్డికి అంటుకుంటాయి. మేక ఆ గడ్డి తిన్నాక కార్జంలో పెద్ద జలగగా ఎదగడానికి 10 నుంచి 12 వారాలు పడుతుంది. ఆల్బెండజోల్, ఆక్సిక్లోజనైడ్ లాంటి మందులు పెరిగిన జలగల మీదే పనిచేస్తాయి, లేత వాటిని వదిలేస్తాయి. లేత వాటి మీద కూడా పనిచేసేది ట్రైక్లాబెండజోల్. కానీ పాలు వాడుకునే పశువుకు, చూడి పశువుకు ఏది ఇవ్వవచ్చో వైద్యుడే చెప్పాలి. ఆల్బెండజోల్ చూడి తొలిదశలో ఇవ్వకూడదు. నాలుగో విడత మందు కొనే ముందు ఈ మేకల పేడ పరీక్ష చేయించండి. పరీక్ష లేకుండా మందంతటికీ పదే పదే మందు తాగిస్తే నట్టలు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి.

ఈ మూడింటి వెనకా ఒకే విషయం ఉంది. కొండ మీద పాక, నీళ్లు, ఉప్పు ఎక్కడ ఉన్నాయన్నదే సగం యాజమాన్యం. మీ పాక కింద, మేత పైన. చదునైన దారిలో ఒక మీటరు నడిచే పశువుకు కిలో బరువుకు సుమారు 2.6 జౌళ్ల శక్తి ఖర్చవుతుంది, ఒక మీటరు ఎత్తు ఎక్కితే 28 జౌళ్లు. పదిరెట్లకు పైమాటే. అంటే 250 మీటర్ల ఎత్తు ఎక్కడమంటే చదును మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా నడవడంతో సమానం. పాల ఆవుకు ఆ శక్తి పాలలో నుంచే పోతుంది. ఆవులకు కోసిన మేత పాకలోనే వేయండి. నిటారు వాలు మేకలకు వదలండి, మెట్టల్లో వాటికి నచ్చేది ఆకుమేతే.

పాకను వాగు పక్క నుంచి కొండ నడుమకు మార్చగలిగితే మార్చండి. రాత్రిపూట చల్లగాలి లోయలోకి దిగి నిలిచిపోతుంది, శిఖరం మీద ఈదురుగాలి కొడుతుంది. నడుమ వాలులో, పొద్దుటి ఎండ తగిలే వైపు మంచిది. పై వైపున కాలువ తీసి వాననీళ్లు పక్కకు మళ్లించండి. చలి అని అన్ని సందులూ మూసేస్తే మూత్రపు ఘాటుకే నిమ్ము వస్తుంది. గాలి పశువుల వీపు కంటే పైనుంచి ఆడాలి. పులి, కుక్కల భయముంటే ఆ సందులకు గట్టి వల కొట్టించండి. ఊట మీకంటే పైన ఉంటే మోటారు లేకుండానే పైపులో నీళ్లు తొట్టిలోకి వస్తాయి. అప్పుడు వాగు ఒడ్డుకు కంచె వేసి పశువులను దూరంగా ఉంచవచ్చు, జలగల దారి అక్కడే తెగుతుంది. ఉప్పు తొట్టిని నీళ్లకు దూరంగా, మేత మిగిలిన చోట పెట్టండి. మంద ఉప్పు కోసం అటు పోతుంది, తొక్కుడుకు బట్టబయలైన నేలకు విశ్రాంతి దొరుకుతుంది.

టీకాలు మీ ప్రాంత పశువైద్యుడి పట్టిక ప్రకారం వేయించండి. ఒక మొక్క గురించి మాత్రం చెప్పాలి. తడి వాలుల్లో గుబురుగా పెరిగే బ్రాకెన్ అనే ఫెర్న్‌ను ఆవులు నెలల తరబడి తింటే మూత్రసంచిలో గడ్డలు లేచి మూత్రంలో రక్తం పడుతుంది. మేత కరువైనప్పుడే దాన్ని ఎక్కువ తింటాయి కాబట్టి ఎండాకాలానికి ఎండుగడ్డి ముందే నిల్వ చేసుకోండి.

మిగిలిన రెండు ఆవుల మెడనరాలను, ఆయాసాన్ని ఈ వారమే వైద్యుడికి చూపించండి. ఇక మీదట ఆవును కొనేటప్పుడు మీ ఎత్తులోనో అంతకంటే పైనో పుట్టి పెరిగిన దాన్నే ఎంచుకోండి, దాని తల్లి అక్కడ ఎన్ని ఈతలు ఈనిందో కూడా అడగండి.