మోడల్ బల్ల: టైగర్ మాత్ రెక్కలు, తీగలు

ప్రశ్న: 1/72 స్కేలు (అసలుకు 72వ వంతు) టైగర్ మాత్ కిట్ కడుతున్నాను, ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలున్న పాత శిక్షణ విమానం. పై రెక్క అతికించి తెల్లారి చూస్తే ఒక పక్కకు వాలిపోయింది. రెక్కల మధ్య తీగలకని కట్టిన కుట్టు దారమూ వేలాడుతోంది. విప్పాలా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: విప్పక తప్పదు. ప్లాస్టిక్ సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. అది గట్టిపడేలోపు పై రెక్క బరువంతా మెత్తబడ్డ స్ట్రట్ల (రెక్కల మధ్య నిలిపే కడ్డీల) మీదే పడింది. సన్నటి బ్లేడు ఆడిస్తూ అతుకులు విడదీసి, మిగిలిన సిమెంటును ఉప్పుకాగితంతో తీసేయండి.

ఈసారి రెక్కలు కలపకముందే రంగులు పూర్తిచేయండి. తీగ తగిలే ప్రతిచోటా 0.3 మి.మీ. డ్రిల్ బిట్టును వేళ్లతో తిప్పి చిన్న గుంట పెట్టండి. రెక్క పల్చన, అవతలికి పోనివ్వొద్దు. రెక్కల మధ్య ఎత్తుకు సరిపోయే రెండు అట్టదిమ్మెలు చేసి వాటి మీద పై రెక్కను ఆనించండి. ముందు మధ్య స్ట్రట్లు, అవి ఆరాక బయటివి. రాత్రంతా కదపొద్దు.

సరిచూసుకోవడంలోనే చాలామంది బోల్తా పడతారు. ముందు సీటులోని శిక్షకుడు పారాచూట్‌తో దూకడానికి అడ్డం లేకుండా ఈ విమానం పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపారు. తప్పిన తూకం కోసం రెక్కలను వెనక్కి వాల్చారు. అందుకని అడ్డంగా స్కేలు పెడితే బాగున్నదీ వంకరగానే కనిపిస్తుంది. తోక కొస నుంచి రెండు రెక్కల చివర్లకూ దారం పట్టి చూడండి. ఆ రెండు దూరాలూ సమానమైతే చాలు.

కుట్టు దారం మానేయండి. 0.2 మి.మీ. దారమంటే అసలు విమానానికి 14 మి.మీ. మోకు కట్టినట్టే, పైగా నూగు. 0.08 మి.మీ. నైలాన్ దారం తీసుకోండి. ఒక కొస గుంటలో సూపర్ గ్లూతో పట్టాకే రెండోది లాగి అతికించండి. గ్లూను సూదిమొనతో అద్దాలి. సీసాతోనే చుక్క వేస్తే రంగు మీద తెల్లటి మసక పడుతుంది. ఇంకా వదులుంటే వెలిగించిన అగరబత్తిని అర అంగుళం దూరంలో క్షణం ఆడించండి, బిగుస్తుంది. తగిలిందా, తెగిందే!

ప్రశ్న: టైగర్ మాత్ మోడల్ నేల మీద ఆపి ఉంచిన విమానంలా కనిపించాలంటే ఏం మార్చాలి?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎలివేటర్లు (తోక రెక్కల వెనుక కదిలే పలకలు) కిందికి దించండి. కాక్‌పిట్‌లో విమానాన్ని నడిపే కర్ర పట్టుకునేవారు లేకపోతే అవి వాలిపోతాయి. కీలు గీత వెంట కత్తి వీపుతో పదిసార్లు గీస్తే ఊడివస్తాయి. పదును వైపుతో గీస్తే అంచు ఉబ్బి గీత పక్కదారి పడుతుంది. రెండింటినీ ఒకే కోణంలో అతికించండి. ఏలరాన్లనూ (రెక్కల వెనుక అంచున కదిలే పలకలనూ) కదపాలనుకుంటే అవి కింది రెక్కలకే ఉంటాయి, పై రెక్క జోలికి పోకండి.