వార్డులో యాంటీబయాటిక్ ఇచ్చేటప్పుడు కొత్త నర్సు ఏమేం చూసుకోవాలి?

సిస్టర్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి చెన్నైలో మెడికల్ వార్డులో చేరానని రాశారు. చార్టులో ఉన్న యాంటీబయాటిక్ కలిపి పెట్టేస్తే సరిపోతుందా, టెస్ట్ డోస్‌ని ఎంతవరకు నమ్మొచ్చు, డోస్ లేటయితే ఏం చేయాలి అని అడిగారు. నాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నైలోనే ఉన్నాను, మెడికల్ వార్డులోనూ ఐసీయూలోనూ చేశాను. మందు ఏది, ఎంత అన్నది డాక్టర్ నిర్ణయం. కానీ అది ఒంట్లోకి పూర్తిగా వెళ్ళిందా, వేళకు వెళ్ళిందా, వెళ్ళాక ఏం చేసింది అన్నవి మంచం పక్కన నిలబడ్డ మనిషికే తెలుస్తాయి. అందుకే కలిపి పెట్టేస్తే సరిపోదు. మన పని మందు పెట్టకముందే మొదలవుతుంది, పెట్టాక చాలాసేపు ఉంటుంది.

మొదట అలర్జీ సంగతి. అడ్మిషన్ కాగితంలో "అలర్జీ లేదు" అని టిక్ పెట్టి ఉన్నా మళ్ళీ అడగండి. మన నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్ళని క్యాజువాలిటీలో హడావిడిగా తమిళంలో అడిగేస్తారు, వాళ్ళు తల ఊపేస్తారు. నేనైతే ఇలా అడుగుతాను: "పెద్దమ్మా, ఇంతకుముందు ఏ మాత్రైనా, సూదైనా పడకపోవడం జరిగిందా? దద్దుర్లు, మొహం వాపు, ఊపిరాడకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం?" ఒక పెద్దావిడకి పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ రాశారు. షీటులో అలర్జీ లేదనే ఉంది. ఇలా అడిగేసరికి, ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ ఇచ్చిన మాత్ర వేసుకుంటే పెదాలు వాచిపోయాయని చెప్పింది. ఆ మాత్రల అట్ట సంచిలో మడతపెట్టి దాచుకుంది. తీసి చూస్తే అమోక్సిసిలిన్. రెండూ పెన్సిలిన్ కుటుంబమే. డ్యూటీ డాక్టర్‌కి ఆ అట్ట చూపించాం, మందు మార్చారు. బ్రాండు పేరు చూస్తే అది పెన్సిలిన్ అని తెలియదు, కాబట్టి వయల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చదవడం అలవాటు చేసుకోండి. అలర్జీ అని చెబితే అది ఏ మందుకి, ఎంతసేపటికి, ఏం జరిగింది అన్న మూడూ రాయండి. ఒక్కసారి వాంతి అయినా, కడుపులో తిప్పినా అలర్జీ అని రాసేస్తే, ఆ మనిషికి జీవితాంతం మంచి మందు ఒకటి దూరమవుతుంది.

టెస్ట్ డోస్ గురించి. మన దగ్గర సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా చేతి మీద చర్మంలోకి కాస్త ఎక్కించి చూసే అలవాటు చాలాచోట్ల ఉంది. మీ ఆసుపత్రిలో చేయమంటే చేయండి. కానీ అక్కడ ఎర్రబడలేదు కాబట్టి ఇక భయం లేదనుకోవద్దు. టెస్ట్ డోస్‌లో ఏమీ కనబడనివాళ్ళకి కూడా అసలు డోస్‌లో అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) రావచ్చు. నన్నడిగితే, టెస్ట్ డోస్ కన్నా మొదటి డోస్ మొదలయ్యాక మొదటి పదిహేను నిమిషాలు ఆ మంచం దగ్గర్లో ఉండటమే ముఖ్యం. గొంతు బిగుసుకోవడం, మాట బొంగురుపోవడం, ఒళ్ళంతా దురద, బీపీ పడిపోవడం కనిపిస్తే వెంటనే డ్రిప్ ఆపి, కాళ్ళు ఎత్తిపెట్టి పడుకోబెట్టి, కేకేసి మనుషుల్ని పిలవండి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వొచ్చు, లేచి నిలబడనివ్వొద్దు. పెద్దవాళ్ళకి అడ్రినలిన్ 1:1000 అర మి.లీ. తొడ బయటి వైపు కండరంలోకి. తగ్గకపోతే అయిదు నిమిషాలకు మళ్ళీ. ఎవిల్ (అలర్జీ తగ్గించే మందు), హైడ్రోకార్టిజోన్ (స్టిరాయిడ్) దాని తరవాతే, దానికి బదులుగా కాదు. డాక్టర్ వచ్చేలోగా నర్సు అడ్రినలిన్ ఇవ్వొచ్చని మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌లో ఉందో లేదో ఈ వారమే ఇన్‌ఛార్జ్‌ని అడిగి తెలుసుకోండి. క్రాష్ కార్ట్‌లో (అత్యవసర మందుల బండిలో) ఆ యాంపూల్ ఏ అరలో ఉందో కళ్ళు మూసుకున్నా చెయ్యి అక్కడికే వెళ్ళాలి.

మొదటి డోస్ ముందు కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) పంపారా అని చూడండి. యాంటీబయాటిక్ వెళ్ళాక తీసిన రక్తంలో క్రిమి దొరకడం కష్టం. అప్పుడు డాక్టర్ కూడా ఊహ మీదే వైద్యం చేయాల్సి వస్తుంది. రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు, పెద్దవాళ్ళకి బాటిల్‌కి 8 నుంచి 10 మి.లీ. రక్తం తక్కువైతే క్రిమి ఉన్నా బయటపడకపోవచ్చు. చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ రాశాక పూర్తిగా ఆరనివ్వండి. బాటిల్ మూతని కూడా స్పిరిట్‌తో తుడవాలి, చాలామంది ఇది మరిచిపోతారు. అయితే రోగి సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయిన స్థితిలో) ఉంటే మొదటి డోస్ గంటలోపు పడిపోవాలి. నరం దొరకలేదనో, కల్చర్ బాటిల్ స్టోర్ నుంచి రాలేదనో అక్కడ మందు ఆపి కూర్చోకూడదు. ఫార్మసీకి ఇండెంట్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేయండి, అవసరమైతే మనిషిని పంపించండి.

ఇక స్పీడు. వాంకోమైసిన్ మొదటిసారి చేతికొచ్చినప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి: నిమిషానికి 10 మి.గ్రా. మించకూడదు, మొత్తం డోస్ 60 నిమిషాలకన్నా తక్కువలో పోకూడదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ సమయం పడితే దాన్నే పాటించాలి. 1 గ్రాముని 250 మి.లీ. ఎన్‌ఎస్‌లో (నార్మల్ సెలైన్‌లో) కలిపితే 100 నిమిషాలు. మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి 50 చుక్కలు. పంప్ దొరికితే పంప్ మీదే పెట్టండి. ఒకసారి నేను చుక్కలు సరిచేసి పక్క మంచానికి వెళ్ళాను. స్కానింగ్‌కి పిలుపొచ్చేలోపు అయిపోవాలని రోగి కొడుకు డ్రిప్ వేగం మార్చే రోలర్ మొత్తం తిప్పేశాడు. నేను తిరిగి చూసేసరికి రోగి మొహం, మెడ, ఛాతీ పైభాగం ఎర్రగా కందిపోయాయి, మెడ గోక్కుంటున్నారు. డ్రిప్ ఆపి, బీపీ చూసి, డాక్టర్‌ని పిలిచాం. ఎవిల్ ఇచ్చారు, అరగంటలో ఎరుపు తగ్గింది. తరవాత అదే మందు ఇంకా నెమ్మదిగా పెడితే ఏమీ కాలేదు. వాంకోమైసిన్ వేగంగా వెళ్తే హిస్టమిన్ విడుదలై ఇలా అవుతుంది. చాలాసార్లు ఇది అసలైన అలర్జీ కాదు. షీటులో "వాంకోమైసిన్ అలర్జీ" అని కాకుండా "వేగంగా వెళ్ళినప్పుడు వచ్చిన రియాక్షన్" అని రాయించాం. ఆ రోజు నుంచి డ్రిప్ పెట్టగానే పక్కనున్నవాళ్ళకి ఈ చక్రం ముట్టుకోవద్దని, ఎందుకో కూడా చెబుతాను. కారణం చెబితేనే వింటారు.

ఎవరూ పెద్దగా మాట్లాడని ఇంకో సంగతి. 100 మి.లీ. ఎన్‌ఎస్‌లో మందు కలిపి మామూలు ఐవీ సెట్‌తో పెడతాం. సీసా ఖాళీ అవగానే సెట్ తీసేస్తాం. ఆ గొట్టంలో, ఛాంబర్‌లో సెట్‌ని బట్టి 15 నుంచి 20 మి.లీ. మిగిలిపోతుంది. అంటే డోస్‌లో దాదాపు ఆరోవంతు చెత్తబుట్టలోకి వెళ్తోంది. రోజుకి మూడు నాలుగు డోసులు ఇలాగే పోతే, చార్టులో పూర్తి డోస్ పడ్డట్టే ఉంటుంది గానీ రోగికి పడదు. సీసా అయిపోవస్తున్నప్పుడు మీ వార్డు పద్ధతి ప్రకారం మరికొంత ఎన్‌ఎస్ అదే స్పీడులో పంపి గొట్టం ఖాళీ చేయండి. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ పొడి కరగడానికి టైమ్ పడుతుంది. గడ్డలు అడుగున ఉండగానే లాగేస్తే అక్కడా డోస్ తగ్గిపోతుంది. వయల్‌ని వెలుతురుకి పెట్టి చూడండి.

ఏ మందు దేనితో కలవదో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి, యూనిఫామ్ జేబులో ఉంచుకోండి. సెఫ్ట్రియాక్సోన్ ఉన్న లైన్‌లో ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) వెళ్ళకూడదు, అందులోని కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. ఒకదాని తరవాత ఒకటి ఇవ్వాల్సివస్తే పెద్దవాళ్ళకి మధ్యలో లైన్ బాగా ఫ్లష్ చేయాలి. 28 రోజుల్లోపు పసిబిడ్డలకి ఆ రెండూ ఒకే బిడ్డకి ఇవ్వడం అసలు కుదరదు. కండరానికిచ్చే సెఫ్ట్రియాక్సోన్‌ని లిగ్నోకెయిన్‌తో కలిపితే అది ఎట్టి పరిస్థితుల్లోనూ నరంలోకి వెళ్ళకూడదు. యాంఫోటెరిసిన్‌ని 5 శాతం డెక్స్‌ట్రోస్‌లోనే కలపాలి, సెలైన్‌లో విరిగిపోతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులు వరసగా వచ్చినప్పుడు ఆ మందుతో వచ్చే చలిజ్వరం, వణుకు, పొటాషియం పడిపోవడం దగ్గరుండి చూశాం. అమికాసిన్, పిపెరాసిలిన్ ఒకే సిరంజిలో వద్దు.

డోస్ లేటయితే తెలిసిన వెంటనే డాక్టర్‌కి చెప్పి ఇవ్వండి, తరవాతి డోస్ టైమ్ మార్చాలా అని అప్పుడే అడగండి. రెండు డోసులు కలిపి ఒకేసారి ఇవ్వకూడదు. ఆరింటికి పెట్టాల్సింది ఏడున్నరకి పెడితే చార్టులో ఏడున్నర అనే రాయండి. వాంకోమైసిన్, అమికాసిన్ లాంటి వాటికి రక్తంలో లెవెల్ చూస్తారు. మీరు రాసిన టైమ్‌ని బట్టే డాక్టర్ ఆ అంకెని అర్థం చేసుకుంటారు. టైమ్ అబద్ధమైతే తరవాతి డోస్ కూడా తప్పుతుంది. షిఫ్ట్ మారేటప్పుడే డోసులు ఎక్కువగా జారిపోతాయి. హ్యాండోవర్‌లో "యాంటీబయాటిక్ నడుస్తోంది" అంటే చాలదు, ఎన్నో రోజు, తరవాతి డోస్ ఎప్పుడు, కల్చర్ రిపోర్ట్ వచ్చిందా అన్నవి చెప్పాలి. రిపోర్ట్ వచ్చి రెండు రోజులైనా ఫైల్‌లోనే పడి ఉండటం చూశాను. రౌండ్స్‌లో "సర్, కల్చర్ వచ్చింది, చూశారా?" అని అడగడానికి మొహమాటపడకండి. మాత్రలకి మార్చొచ్చా అని అడగడం కూడా మన పనే, క్యానులా ఒకరోజు ముందు తీసేస్తే ఆ చేతికి ఎంతో మేలు.

మందు వెళ్తున్నన్ని రోజులూ క్యానులా చోటు చూడండి. నొప్పి, ఎరుపు, నరం తాడులా గట్టిపడటం కనిపిస్తే ఇంకో డోస్ దాకా ఆగకుండా తీసేయాలి. అమికాసిన్, జెంటామైసిన్, కొలిస్టిన్ నడుస్తుంటే మూత్రం కొలత, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రోజూ కళ్ళముందు ఉండాలి. అమికాసిన్, జెంటామైసిన్ అయితే చెవుల్లో హోరు ఉందా, వినికిడి తగ్గిందా అని మనమే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. కొలిస్టిన్ ఆర్డరు మిలియన్ యూనిట్లలో ఉందా, మి.గ్రా.లో ఉందా అని రెండుసార్లు చూసి, ఇంకో సిస్టర్‌కి కూడా చూపించండి. ఫిట్స్‌కి వాల్ప్రోయేట్ వాడేవాళ్ళకి మెరోపెనెమ్ రాస్తే వెంటనే డాక్టర్‌కి గుర్తుచేయండి, వాల్ప్రోయేట్ లెవెల్ బాగా పడిపోయి మళ్ళీ ఫిట్స్ రావచ్చు. లినెజోలిడ్ రాసినప్పుడు రోగి డిప్రెషన్ మందులు వాడుతున్నారా అని అడగాలి. అది చాలా రోజులు నడిస్తే ప్లేట్‌లెట్లు చూడాలి.

మాత్రలంటే తేలిక అనుకోకండి. సిప్రోఫ్లాక్సాసిన్‌ని గ్యాస్ సిరప్, ఐరన్, కాల్షియం మాత్రలకి 2 గంటల ముందో 6 గంటల తరవాతో ఇవ్వాలి, పాలతో మింగించకూడదు. మన చార్టులో ఉదయం మందులన్నీ ఒకే కప్పులో పోసి ఇచ్చేస్తుంటాం, అక్కడే దెబ్బతింటుంది. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్ళతో, మింగాక అరగంట కూర్చోబెట్టాలి. పడుకుని గుక్కెడు నీళ్ళతో మింగితే అన్నవాహికలో పుండు పడొచ్చు.

మీ వార్డులో టీబీ రోగులు కూడా ఉంటారు. మన చెన్నై చెట్‌పెట్‌లో ఉన్న క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదలైంది. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో (క్షయ రోగుల ఆసుపత్రిలో) ఉన్నవాళ్ళలాగే నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపించింది ఈ ఊరి అధ్యయనమే. ఆ అధ్యయనంలో ఇళ్ళకి వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించారు. మందు ఇంటికి పంపినా వెనకాల ఒకరు చూసుకునేవాళ్ళు ఉన్నారన్నమాట. మనం చేయాల్సింది, రిఫాంపిసిన్‌తో మూత్రం, చెమట నారింజ రంగులోకి వస్తాయని మొదటి రోజే చెప్పడం. చెప్పకపోతే రక్తం పడుతోందని భయపడి మానేస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళకి అవి సరిగ్గా పనిచేయవని చాటుగా పిలిచి చెప్పండి. కళ్ళు పచ్చబడినా, ఇథాంబ్యుటాల్ వాడుతూ రంగులు తేడాగా కనిపించినా వెంటనే రమ్మనండి.

డిశ్చార్జ్ రోజు తెలుగువాళ్ళ దగ్గర అయిదు నిమిషాలు కూర్చోండి. సమ్మరీ ఇంగ్లిష్‌లో ఉంటుంది, మందుల కవరు మీద తమిళంలో రాసి ఉంటుంది, వాళ్ళు సాయంత్రం రైలెక్కి గూడూరో నాయుడుపేటో వెళ్ళిపోతారు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వండి: ఏ మాత్ర, ఏ పూట, తిండికి ముందా తరవాతా, ఏ తేదీ దాకా. మిగిలిన మాత్రలు ఇంట్లో ఇంకొకరి జ్వరానికి ఇవ్వొద్దని చెప్పండి. అట్ట మీద ఎర్ర గీత ఉన్న మందు చీటీ లేకుండా కొనకూడదని ఆ గీత చూపించండి. రోజుకి మూడుసార్ల కన్నా ఎక్కువ నీళ్ళ విరేచనాలైతే విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా కొనుక్కోకుండా ముందు మనకి ఫోన్ చేయమనండి. మందు ఆపేశాక కొన్ని వారాలకి మొదలైనా సరే చేయమనండి. వార్డు ఫోన్ నంబరు ఆ కాగితం అడుగునే రాసి, వెంట వచ్చిన వాళ్ళతో ఒకసారి పైకి చదివించండి.