తిప్పకముందే ఊహించనివ్వు

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నాలుగేళ్లు నిండిన నీ కూతురు ట్యాబ్‌లో ముక్కలు అమర్చే ఆటకు బాగా అలవాటు పడిందనీ, దానివల్ల బుర్రకు పదును వస్తుందని మీ ఆయన, కళ్లు పాడవుతాయని మీ అత్తగారు చెరొక పక్కకు లాగుతున్నారనీ, ఎవరి మాట వినాలో చెప్పమనీ రాశావు. చిన్న తరగతుల పిల్లల మధ్యనే ఉద్యోగమంతా గడిపిన దాన్ని గనుక ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. ఆ ఆట మంచిదా చెడ్డదా అన్నది ట్యాబ్‌ను బట్టి తేలదు. ముక్కను తిప్పే ముందు పిల్ల ఒక్క క్షణమైనా ఆగి, తిప్పితే ఎలా ఉంటుందో మనసులో చూసుకుంటోందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

మీ ఆయన చెబుతున్న పదును ఏమిటో ముందు చూద్దాం. ఒక వస్తువు ఎటు తిరిగి ఉంది, దాన్ని బోర్లిస్తే ఎలా కనిపిస్తుంది, ఈ సందులో పడుతుందా పట్టదా అని చేత్తో ముట్టుకోకుండానే తేల్చుకోగల నేర్పును ప్రాదేశిక నైపుణ్యం అంటారు. మిగిలిన కూర ఏ గిన్నెలోకి సరిపోతుందో నువ్వు చూపుతోనే చెప్పగలుగుతున్నావంటే అది ఈ నేర్పే. 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఘనాలతో కట్టిన రెండు ఆకారాల బొమ్మలను పెద్దవాళ్లకు చూపించి, రెండూ ఒకటేనా వేర్వేరా అని అడిగారు. రెండింటి మధ్య తిరిగిన కోణం పెరిగినకొద్దీ జవాబుకు పట్టిన సమయం కూడా ఒక లెక్క ప్రకారం పెరుగుతూ పోయింది. అంటే మనిషి మనసులో బొమ్మను నిజంగా తిప్పి చూసుకుంటాడన్నమాట. ఆ తిప్పడమే మనం పిల్లలకు అలవాటు చేయవలసింది.

ఇది పుట్టుకతో వచ్చేదే తప్ప నేర్పితే వచ్చేది కాదని మా రోజుల్లో ఉపాధ్యాయులే అనేవారు. 2013లో డేవిడ్ ఉట్టల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అప్పటివరకు జరిగిన 217 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించి, అభ్యాసంతో ఈ నేర్పు మెరుగవుతుందని, మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా మెరుగవుతుందని తేల్చారు. 1960లో అమెరికాలో మొదలుపెట్టి సుమారు 4 లక్షల మంది హైస్కూలు విద్యార్థులను పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనాన్ని 2009లో తిరిగి విశ్లేషించినప్పుడు, చదువుకునే రోజుల్లో ఈ నేర్పు ఎక్కువగా ఉన్నవాళ్లు తర్వాత ఇంజినీరింగు, విజ్ఞాన శాస్త్రాల వైపు వెళ్లడం ఎక్కువగా కనిపించింది. నాలుగేళ్ల పిల్లను ఇప్పటినుంచే ఇంజినీరును చేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన ఇళ్లలో బ్లాకులు మగపిల్లాడికి, వంటసామాను బొమ్మలు ఆడపిల్లకు కొనే అలవాటు ఉంది కదా, దాన్ని మాత్రం నీ గుమ్మం దాటి లోపలికి రానివ్వకు.

ముక్కలు కలిపి బొమ్మ పూర్తిచేసే జిగ్‌సా పజిళ్ల గురించి చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చింది. 53 మంది పిల్లలు రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వయసులో ఇంట్లో మామూలుగా ఆడుకుంటుండగా వీడియో తీసి, వాళ్లకు నాలుగున్నరేళ్లు వచ్చాక ఆకారాలను మనసులో తిప్పే పరీక్ష పెట్టారు. పజిళ్లతో ఆడినవాళ్లు ఆడనివాళ్ల కంటే మెరుగ్గా చేశారు. ఆ ఫలితం 2012లో అచ్చయింది. ఆడటం వల్లనే వచ్చిందా, ఆ నేర్పు ఉన్న పిల్లలే పజిళ్ల జోలికి ఎక్కువగా పోయారా అన్నది దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేమని పరిశోధకులే అన్నారు, ఆ జాగ్రత్త మనకూ ఉండాలి. అయినా పజిల్‌తో పోయేదేమీ లేదు గనుక నిరూపణ పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు.

అదే విశ్వవిద్యాలయం నుంచి అంతకు ముందు ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం మాటల గురించి. ఆకారాలను, పరిమాణాలను, వంపులను, అంచులను గురించి తల్లిదండ్రులు ఎక్కువగా మాట్లాడే ఇళ్లలో పిల్లలూ ఆ మాటలు ఎక్కువగా వాడారు, అలా వాడిన పిల్లలు నాలుగున్నరేళ్లకు ఇటువంటి పరీక్షలు బాగా చేశారు. ఇది చదివాక నీ ఇంట్లో ఒక్కరోజు నీ మాటలు నువ్వే విను. "అది అక్కడ పెట్టు", "ఇది ఇటియ్యి", "అలా కాదు, ఇలా" అని రోజంతా అంటుంటాం. ఈ మాటల్లో పిల్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, మన వేలు చూసి పని చేసేస్తుంది. తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడు: నిలువుగా, అడ్డంగా, ఐమూలగా, ఏటవాలుగా, తలకిందులుగా, బోర్లా, వెల్లకిలా, ఎదురుగా, ఎడంగా, ఆనించి, దొంతరగా, అంచున, మూలన, నడిమధ్యన. "గరిటెను గోడకు ఆనించి నిలువుగా పెట్టు", "చాపను ఐమూలగా పరిచావు, గోడకు సమానంగా తిప్పు" అంటే పని అదే, కాని పిల్ల మనసులో ఒక బొమ్మ గీసుకోక తప్పదు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "కాస్త తూర్పుకు జరుగు", "పడమటి గదిలో ఉంది" అంటారు. అలా మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లలకు దిక్కులు పాఠంగా చెప్పనక్కరలేదు. అపార్ట్‌మెంటులో ఉన్నంత మాత్రాన నువ్వు ఆ అలవాటు వదులుకోవాల్సిన పనిలేదు, ఉదయం ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో చూపిస్తే చాలు.

ఇక ఏం ఆడించాలని అడిగావు. బ్లాకులు కొంటే కొను, 1837లో జర్మనీలో మొదటి కిండర్‌గార్టెన్ పెట్టిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ పిల్లల చేతికిచ్చినవీ చెక్క బంతులు, ఘనాలు, దిమ్మలే. ఏటికొప్పాక లక్కబొమ్మలు దొరికితే ఇంకా సంతోషం, అంకుడు కర్రతో చేసి సహజమైన రంగులద్దుతారు. ఏవీ కొనకపోయినా అగ్గిపెట్టెలు, మందుల అట్టపెట్టెలు, పప్పు డబ్బాలు, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు సరిపోతాయి. ఒక్క నియమం పెట్టుకో: కట్టాల్సిన ఆకారాన్ని ముందు నువ్వు కట్టి చూపించి, అచ్చం అలాంటిదే కట్టమను. 2011లో ఒక అమెరికా అధ్యయనంలో తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక నిర్మాణాన్ని చూస్తూ బ్లాకులు అమర్చినప్పుడు, ఊరికే ఆడుకున్నప్పటి కంటే స్థలానికి సంబంధించిన మాటలు ఎక్కువగా దొర్లాయి. రోజూ అలా చేయించమని కాదు, పిల్ల తన ఇష్టానికి కట్టి పడగొట్టే ఆట కూడా ఉండాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ముగ్గు. దీన్ని సంక్రాంతికి వాకిట్లో వేసే అలంకారంగానే చూస్తున్నాం గాని, చిన్నపిల్లల చేత చేయించదగిన ప్రాదేశిక అభ్యాసాల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అని పుస్తకంలో ఉన్న ఒక్క ముక్క చదివి మీ అమ్మ నేలమీద మొత్తం చట్రం పెట్టేసేది. నడి వరసలో ఏడు, దాని పైనా కిందా సందుల్లో ఆరు, ఆపైన అయిదు, చివర నాలుగు. గీత వేయకముందే ఆకారం ఆవిడ కళ్ల ముందు ఉండేది. నాలుగేళ్ల పిల్లకు మెలికల ముగ్గు పెట్టకు, చెయ్యి తిరగదు, విసుగు పుడుతుంది. మూడు చుక్కలు మూడు వరసలు పెట్టి, మొదట చతురస్రం, తర్వాత ఐమూల గీతలు, ఆపైన నాలుగు రేకుల పువ్వు వేయించు. రెండు వారాలు గడిచాక ముగ్గులో సగం నువ్వు వేసి, నిలువుగా ఒక గీత గీసి, రెండో పక్క సగం తనను వేయమను. ఎడమవైపు వంగిన రేకు కుడివైపు ఎటు వంగాలన్నది అప్పుడు మనసులో తిప్పి చూసుకోక తప్పదు. మరి కొన్నాళ్లకు తనను ముగ్గుకు ఎదురు పక్కన కూర్చోబెట్టి, నీవైపు నుంచి ఎలా కనిపిస్తోందో అడుగు. నాలుగేళ్లకు ఇది కష్టమే, తప్పు చెబితే దిద్దకు, లేచి నీవైపు వచ్చి చూడమను. ముగ్గు పిండి చిందుతుందని విసుక్కునేవాళ్లుంటే పళ్లెంలో ఇసుక పోసి ఇవ్వు, పలక మీదైనా సరే.

తొక్కుడు బిళ్ల, దాగుడుమూతలు, రుమాలు మడతపెట్టడం, కాగితపు పడవ, మంచాన్ని బల్లను గీసి "పెన్సిలు ఇక్కడ దాచాను" అని గుర్తుపెట్టిన గది పటం, ఇవన్నీ ఇదే కోవలోవి. నీకు తెలిసినవే గనుక వివరించను.

ఇప్పుడు ట్యాబ్. దాన్ని బయట పారేయమని నేను చెప్పను. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్ ఆట నీకు తెలుసు, పైనుంచి పడే ముక్కను తిప్పి కింది సందులో ఇమడ్చాలి. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో మూడో తరగతి పిల్లల చేత దీన్ని అరగంట చొప్పున కొన్ని విడతలు ఆడిస్తే, ఆకారాలను మనసులో తిప్పే నేర్పు మెరుగుపడింది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం మాత్రం, టెట్రిస్‌లో ఆరితేరిన పెద్దవాళ్లు ఆ ఆట ముక్కల్లాంటి ఆకారాలను బాగా తిప్పగలిగినా, వేరే రకం ఆకారాల్లో మిగతావాళ్లను మించలేదని చూపించింది. 2015లో కెనడాలో 6 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆరు వారాలపాటు ఐప్యాడ్ మీద ఇటువంటి అభ్యాసం చేయించారు. ఆకారాలను తిప్పడంలో పిల్లలు మెరుగయ్యారు గాని లెక్కల్లో తేడా రాలేదు. ఈ మూడింటినీ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: తెర మీద ఆట ఆ ఆటకు దగ్గరగా ఉన్న నేర్పును పెంచుతుంది, అక్కడినుంచి దూరం వెళ్లే కొద్దీ మనం చెయ్యి వేయాలి. పైగా ఈ పిల్లలంతా బడికి పోయే వయసువాళ్లు. ఆ ఫలితాలను నీ కూతురి వయసుకు యథాతథంగా అన్వయించకూడదని మీ ఆయనతో చెప్పు.

నువ్వు చెప్పిన ముక్కల ఆటను తనతోపాటు కూర్చుని ఒకసారి జాగ్రత్తగా చూడు. ఇలాంటి ఆటలు చాలావాటిలో ముక్కలు ముందే సరైన వైపు తిరిగి ఉంటాయి, తిప్పే పనే ఉండదు. దగ్గరికి లాగితే చాలు, ముక్క తానే వెళ్లి అతుక్కుంటుంది, చప్పట్లు మోగుతాయి, నక్షత్రాలు రాలతాయి. పిల్ల ఆలోచించకుండా ఒక్కో ముక్కనూ అన్ని చోట్లకూ లాగి చూస్తే చాలు గెలిచేస్తుంది. ఇది నేర్పు కాదు, వేలి పని. ముక్కను పిల్లే తిప్పవలసి వచ్చే ఆట, గడియారం తరమని ఆట, తప్పు పెడితే పెట్టినచోటే ఉండనిచ్చే ఆట, మధ్యలో ప్రకటనలు రాని ఆట వెతుకు. దొరికాక కూడా ఒంటరిగా వదలకు. ముక్క మీద వేలు పెట్టబోతుంటే "తిప్పకముందు చెప్పు, ఈ ముక్క కొస ఎటువైపుకు వస్తుంది?" అని అడుగు. మొదట్లో చిరాకు పడుతుంది, కొన్నాళ్లకు నువ్వు అడగకముందే చెప్పడం మొదలుపెడుతుంది. ట్యాబ్ మూసేశాక అదే ఆకారాన్ని అట్టముక్కలతో నేలమీద కట్టించు. అట్ట తానుగా అతుక్కోదు, చివర పొడుచుకొస్తే కనిపిస్తుంది, ముక్కను వెనక్కి తిప్పి చూడవచ్చు, బరువు కూడా తెలుస్తుంది. ఏడు ముక్కలతో రకరకాల ఆకారాలు కూర్చే చైనావాళ్ల టాంగ్రామ్‌ను పెళ్లి శుభలేఖల అట్టతో ఇంట్లోనే కత్తిరించుకోవచ్చు.

సమయం విషయంలో మీ అత్తగారి మాటకు బలముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది, ఏడాదిన్నర వయసువాళ్లకు అసలు వద్దు. భారతీయ శిశు వైద్యుల అకాడమీ కూడా రెండేళ్లలోపు తెర వద్దనీ, 2 నుంచి 5 ఏళ్ల మధ్య పెద్దవాళ్లు దగ్గరుండగా గంట మించరాదనీ చెబుతోంది. ఆ గంటలో కార్టూన్లూ, తాతగారి ఫోనులో చూసే వీడియోలూ కలుస్తాయి, ఆట ఒక్కటే కాదు. అన్నం తినిపించడానికి ట్యాబ్ ఇస్తున్నావని నీ రాతలో అన్యాపదేశంగా కనిపించింది, అది మాత్రం ఇవాళే మానెయ్యి.

ఏడాదిన్నర వయసున్న నీ చిన్నకొడుకు గురించి నువ్వు అడగలేదు గాని చెబుతాను. అంత చిన్న పిల్లలు తెర మీద చూసిన పనిని ఎదుట మనిషి చేసి చూపినంత బాగా నేర్చుకోలేరని చాలా పరిశోధనల్లో తేలింది. తొమ్మిది నెలల పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో, పాకడం వచ్చినవాళ్లు తిరిగిన ఆకారాన్ని గుర్తుపట్టడంలో పాకనివాళ్ల కంటే ముందున్నారు. వాడిని చంకన పెట్టుకుని తిప్పడం తగ్గించి, మంచం కింద, కుర్చీ చుట్టూ, తలుపు వెనక తిరగనివ్వు. గిన్నెలు, మూతలు ముందు పడేస్తే ఏ మూత దేనికి సరిపోతుందో వాడే తేల్చుకుంటాడు, చప్పుడుకు ఓర్చుకోవాలి.

నువ్వు పంపిన ప్రకటన కూడా చూశాను. ఏడాది చందా కడితే పిల్లల మెదడు ఇంత శాతం పెరుగుతుందని రాశారు. ఆ శాతం ఎక్కడిదో అందులో లేదు, కట్టవద్దు. కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం జాదూయీ పిటారా అనే ఆటవస్తువుల పెట్టెను విడుదల చేసింది, అందులో పజిళ్లు, బొమ్మలు, ఆటల కార్డులు ఉన్నాయి. పిల్ల చేరబోయే బడిలో అది ఉందేమో, ఉంటే పిల్లల చేతికి ఇస్తున్నారా, బీరువాలో తాళం వేసి పెట్టారా అని చేర్పించే ముందు అడుగు. వచ్చే నెల నేను వచ్చేటప్పుడు ముగ్గు పిండి, రెండు డజన్ల ఖాళీ అగ్గిపెట్టెలు తెస్తాను. అట్టపెట్టెలు మీ ఇంట్లోనే పోగుచేసి ఉంచు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ