మలద్వారం లేకుండా పుట్టిన మా పాపకు చిన్నప్పుడే ఆపరేషన్ అయింది. ఇప్పుడు 11 ఏళ్లు, బాగానే ఉంది. సర్జన్ గర్భసంచి స్కానింగ్ చేయించమంటున్నారు, అవసరమా?

చేయించండి. మా ఇంట్లోనూ "బాగానే ఉంది కదా" అనే మాటే ఏళ్ల తరబడి నడిచింది.

మా అమ్మాయిది క్లోయేకా, మూత్రం, యోని, మలం మూడు దారులూ కలిసిపోయి పుట్టింది. మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టి, దారులు విడదీసి, ఆనక సంచి తీసేశారు. 12వ ఏట పెద్దమనిషి అయితే హమ్మయ్య అనుకుని ఓణీల ఫంక్షన్ కూడా చేశాం. ఆ తర్వాతే నెలనెలా ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి. మంచం పట్టె పట్టుకుని ముడుచుకుపోయేది. "మాకు రాలేదా ఏంటి నొప్పులు" అని మా ఆడపడుచు. గ్యాస్ మాత్రలు ఇచ్చి పంపాడు డాక్టరు.

స్కానింగ్ సెంటర్లో బ్లాడర్ నిండలేదని బయట కూర్చోబెట్టి బాటిళ్లకు బాటిళ్లు నీళ్లు తాగించారు. "అమ్మా, ఇంక ఆగలేను" అని పిల్ల ఏడుపు మొహం పెడితే ముందు టోకెన్ వాళ్లు కదలరు. తీరా రిపోర్టులో ఎడమ అండాశయంలో సిస్ట్ అని రాశారు. పాత ఆపరేషన్ సంగతి చెప్పబోతే వినిపించుకుంటేగా!

పిల్లల సర్జన్ ఆ కాగితం పక్కన పడేసి ఎమ్మారై రాశారు. గర్భసంచులు రెండు ఉన్నాయని అందులో తేలింది. కుడిదానికి దారి ఉంది, అందుకే నెలసరి వస్తోంది. ఎడమదాని దారి మూసుకుపోయి రక్తమంతా లోపలే పేరుకుంది. వాళ్లు సిస్ట్ అన్నది దాన్నే.

మీ పాపది మా అంత చిక్కు కేసు కాకపోవచ్చు. అయినా రొమ్ములు రావడం మొదలైన ఆరు నెలలకో, కాస్త అటూ ఇటూగానో పొట్ట మీద నుంచి అల్ట్రాసౌండ్ చేయించి, నెలసరి కుదురుకునేదాకా మధ్యమధ్యలో చూపిస్తుండాలి. మరీ ముందు చేయిస్తే గర్భసంచి చిన్నగా ఉండి సరిగ్గా కనపడదు. అనుమానముంటే ఎమ్మారై. రేడియేషన్ ఉండదు, ఆ మోతే భరించాలి. సీటీకి మాత్రం తొందరపడొద్దు.

అసలు నా కోపమంతా పాత కాగితాల మీద. అన్నిసార్లు ఆపరేషన్ చేసి, గర్భసంచి ఒకటా రెండా అని ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. మలద్వారం లేకుండా పుట్టేది సుమారు 5,000 మందిలో ఒకరు, క్లోయేకా ఇంకా అరుదు. వీధి చివరి సెంటర్లో ఇలాంటి పిల్లను ఎప్పుడు చూసుంటారు? ఆపరేషన్ నోట్స్ జిరాక్సు తీసి, స్కాన్ మొదలుపెట్టకముందే రేడియాలజిస్టు చేతిలో పెట్టండి. పనిలో పనిగా కిడ్నీలు కూడా చూడమనండి, ఈ పిల్లల్లో కొందరికి ఒకవైపు కిడ్నీయే ఉండదు.