గవర్నరుకు అర్జీ పెడితే పని అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి హవాయి దీవుల్లో ఉద్యోగం చేస్తున్నాడు. లాహైనా ఊరు కాలిపోయాక టూరిస్టులకు అద్దెకిచ్చే ఇళ్ల విషయంలో అక్కడి గవర్నరు జనం పక్షాన నిలబడ్డారని చెప్పాడు. మన గవర్నరు సీమ సమస్యల మీద అలా ఎందుకు మాట్లాడరు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అక్కడి గవర్నరును జనం ఓట్లేసి గెలిపిస్తారమ్మా. అధికారాల లెక్కన చూస్తే ఆయన మన ముఖ్యమంత్రికి సమానం. ఒక సమస్య మీద తన మాటేమిటో చెప్పకపోతే తర్వాతి ఎన్నికల్లో నిలదీస్తారు.

2023 ఆగస్టు 8న మావి దీవిలోని లాహైనా తగలబడి వంద మందికి పైగా చనిపోయారు. ఇళ్లు పోయినవాళ్లు నెలల తరబడి హోటల్ గదుల్లో తలదాచుకుంటుంటే, అదే దీవిలో వేల అపార్టుమెంట్లు టూరిస్టులకు రోజు అద్దెకు నడిచాయి. గవర్నర్ జోష్ గ్రీన్ 2024 మే నెలలో ఒక బిల్లు మీద సంతకం చేశారు. ఆ చట్టం నేరుగా ఏ ఇంటినీ మూయించలేదు. పాత అనుమతులున్నా సరే, రోజు అద్దెలను దశలవారీగా ఆపే అధికారం కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి స్థానిక పాలనా విభాగాలకు, ఉందని తేల్చింది, అంతే. దాన్ని వాడుకోవాల్సింది కౌంటీ మేయరూ కౌన్సిలూ. మావి మేయరు రిచర్డ్ బిస్సెన్ దాదాపు 7,000 యూనిట్లలో రోజు అద్దెలు ఆపాలని ప్రతిపాదన తెచ్చారు. గవర్నరు ఎంత గట్టిగా నిలబడినా, ఇంటి అద్దె లాంటి విషయం చివరికి స్థానిక సంస్థలోనే తేలుతుంది.

అక్కడి గవర్నరుకు వీటో, అంటే బిల్లును తిరస్కరించే అధికారం, ఉంది. సభ ముగిశాక చేతికొచ్చిన బిల్లులకు 45 రోజుల గడువు. వీటో చేయదలిస్తే 10 రోజుల ముందే చెప్పాలి. జనం ఒత్తిడి పెట్టడానికి ఆ పది రోజులు బాగా అక్కరకొస్తాయి. ఉభయ సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కాదంటే వీటో చెల్లదు.

మన గవర్నరును నియమించేది రాష్ట్రపతి. 163వ అధికరణం ప్రకారం, రాజ్యాంగం విచక్షణకు వదిలిన కొద్ది విషయాలు తప్ప మిగతా అన్నిటిలో మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. మీ ఊరి తాగునీటి మీద ఆయన సొంతంగా ఉత్తర్వు ఇవ్వలేరు. ఆ సమస్య అడగాల్సింది ఎమ్మెల్యేనీ, మంత్రినీ.

ప్రశ్న: యూనివర్సిటీ విషయంలో గవర్నరుకు రాయవచ్చా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: రాయవచ్చు. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలకు ఆయన కులపతి. అయితే ముందు రిజిస్ట్రారుకు, తర్వాత ఉపకులపతికి రాసి, ఆ రసీదులు జతచేసి పంపండి. అవి లేకుంటే మీ కాగితం తిరిగి రిజిస్ట్రారు టేబుల్ మీదికే వస్తుంది.

ప్రశ్న: మా చెల్లెలి కుటుంబం అండమాన్‌లో స్థిరపడింది. అక్కడ అసెంబ్లీ లేదు కదా, మరి స్థానిక సమస్యలు ఎవరు తేలుస్తారు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: అక్కడ లెఫ్టినెంట్ గవర్నరు, లక్షద్వీప్‌లో అడ్మినిస్ట్రేటరు. ఇద్దరూ 239వ అధికరణం కింద రాష్ట్రపతి తరఫున పాలిస్తారు. సలహా చెప్పే మంత్రిమండలి లేదు గనుక వాళ్ల సంతకానికి మన గవర్నరు సంతకం కంటే రోజువారీ బలం ఎక్కువ. 240వ అధికరణం కింద ఈ దీవులకు రాష్ట్రపతి చేసే రెగ్యులేషన్లకు పార్లమెంటు చట్టంతో సమానమైన విలువ ఉంటుంది.

దీనివల్ల వచ్చే చిక్కు 2021లో లక్షద్వీప్‌లో బయటపడింది. భూమి అభివృద్ధి, పంచాయతీలు, గోవధ మీద ముసాయిదాలు వచ్చినప్పుడు, 2011 లెక్కల ప్రకారం 64,473 మంది ఉన్న ఆ దీవుల్లో వాటిని చర్చించే శాసనసభే లేదు. కేరళ అసెంబ్లీ 2021 మే 31న ఏకగ్రీవంగా తీర్మానం చేసింది కానీ దానికి అక్కడ చట్టబలం లేదు. దీవులవాళ్లకు మిగిలిన దారులు రెండే: తమ ఒక్క ఎంపీ, కేరళ హైకోర్టు. మీ చెల్లెలి వాళ్లకైతే కలకత్తా హైకోర్టు. ముసాయిదా వెలువడినప్పుడు ఇచ్చే అభ్యంతరాల గడువును అస్సలు వదులుకోవద్దని వాళ్లకు చెప్పండి. సభ లేనిచోట జనం మాట రికార్డుకెక్కే చోటు అదే.

ప్రశ్న: మాది నల్లమలలో చెంచుగూడెం. కృష్ణకు అవతలి గట్టున, తెలంగాణలోని అమ్రాబాద్‌లో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనరాదట. మాకు ఆ రక్షణ లేదంటున్నారు. గవర్నరుకు అర్జీ పెడితే వస్తుందా?
– ఆత్మకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే. నది ఒకటే, అడవి ఒకటే, చెంచులూ ఒకరే, కానీ అమ్రాబాద్ వైపు గూడేలు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి, పాత కర్నూలు జిల్లా వైపువి లేవు. 1950లో నోటిఫై చేసినప్పుడు అప్పటి మద్రాసు రాష్ట్రపు తెలుగు ప్రాంతాల్లో గోదావరి, విశాఖ ఏజెన్సీలనే చేర్చారు. శ్రీశైలంలో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉన్నా అది షెడ్యూల్డు హోదా ఇవ్వదు. ఇది సరిదిద్దాల్సిన అన్యాయమని మా గట్టి అభిప్రాయం.

రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద గవర్నరుకున్న ప్రత్యేక అధికారాలు, అంటే ఒక చట్టం వర్తించదని ప్రకటించడం, గిరిజనేతరులకు భూబదిలీని ఆపే 1/70 లాంటి రెగ్యులేషన్లు చేయడం, షెడ్యూల్డు ప్రాంతంలోనే పనిచేస్తాయి. కొత్త ప్రాంతాన్ని చేర్చేది రాష్ట్రపతి. అందుకే గవర్నరుకు పెట్టే అర్జీలో "రక్షణ ఇప్పించండి" అని కాకుండా "మా గూడేలను చేర్చాలని కేంద్రానికి సిఫారసు చేయండి" అని అడగండి. గ్రామసభ తీర్మానం జతచేయండి.

అది తేలేదాకా ఊరికే కూర్చోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డు హోదాతో పని లేదు. 2005 డిసెంబరు 13 నాటికే మీ సాగులో ఉన్న అటవీ భూమికి ఫారం-ఎ కింద 4 హెక్టార్ల దాకా వ్యక్తిగత హక్కు అడగవచ్చు. తేనె, వెదురు, మేత లాంటి ఉమ్మడి హక్కులకు ఫారం-బి. దరఖాస్తు ఇవ్వాల్సింది గ్రామసభకు, రేంజి ఆఫీసుకు కాదు. ఎక్కువ కాగితాలు ఇక్కడే దారి తప్పుతాయి. కనీసం రెండు ఆధారాలు పెట్టండి: పాత బావి, గట్లు, సమాధులు, ఓటరు కార్డు, రాతపూర్వకంగా పెద్దల వాంగ్మూలం, ఏవైనా పనికొస్తాయి. శాటిలైట్ ఫొటోలో సాగు కనిపించలేదన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదు. పులుల అభయారణ్యం గనుక హక్కులుండవని నోటిమాటతో తిప్పి పంపితే ఆ మాటే రాసివ్వమనండి. చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలూ, జాతీయ పార్కులూ కలిసే ఉన్నాయి.

గ్రామసభ కాదంటే 60 రోజుల్లో సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడా కాదంటే మళ్లీ 60 రోజుల్లో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి అప్పీలు చేయాలి. తిరస్కరణ ఉత్తర్వు చేతికి రాకుండా గడువు జారిపోవడం మామూలుగా జరిగే తప్పు. సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజున దరఖాస్తు తేదీ, సర్వే లేదా కంపార్టుమెంటు నంబరు రాసి కాగితం ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేకుంటే సమాచార హక్కు కింద "మా దరఖాస్తు ఇప్పుడు ఏ అధికారి దగ్గర, ఏ తేదీ నుంచి ఉంది" అని ఒకే ప్రశ్న అడగండి. గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10.